నా చేతికి సరిపోయిన పిస్టల్

ఢిల్లీలో నా సైజు గాజులు దొరకవు. టూ-టూ కావాలంటే కొట్లో వాళ్ళు చిన్నపిల్లల డబ్బా తీసి ముందు పెడతారు. "బిటియా కే లియే?" అని, మీ అమ్మాయికా అని అడుగుతారు. నలభై మూడేళ్ళ ఆడదాన్ని, నా చేతులకే అని చెప్పడం మానేసి చాలా కాలమైంది. అనంతపురం వెళ్ళినప్పుడల్లా రెండు డజన్లు తెచ్చుకుంటాను. చేతుల సంగతి మొదటే ఎందుకు ఎత్తానంటే, నాకు జరిగిన ద్రోహమంతా వీటి పేరు చెప్పే జరిగింది.

మేముండేది ద్వారకలో. మా సొసైటీకి రెండు సెక్టార్ల అవతల ఒక మార్కెట్ బిల్డింగు బేస్‌మెంట్‌లో షూటింగ్ అకాడమీ ఉంది. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున కూరలకని వెళ్ళి, ఆ మెట్లు దిగాను. లోపల పది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఒక చెయ్యి జేబులో, ఒక చెయ్యి చాచి. ఎవరూ మాట్లాడటం లేదు. నేను సాకేత్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లో ఒకరి మాట మీద ఒకరు పడి మాట్లాడుతుంటే వినడమే నా ఉద్యోగం. మాట్లాడితే బయటికి పంపేసే చోటు ఒకటి ఊళ్ళో ఉందని తెలిశాక ఇంక ఆగుతానా? మరుసటి వారమే చేరిపోయాను.

అమ్మకు ఫోన్లో చెబితే, "తుపాకా? యాడ పెడతావే దాన్ని, ఇంట్లోనా?" అంది. మావారు నవ్వి, కూరలు తేవడం మాత్రం మరిచిపోవద్దన్నారు. ఆఫీసులో నెల రోజుల పాటు నన్ను చూసి చేతులు పైకెత్తారు. మేము పేల్చేది ఎయిర్ పిస్టల్. అందులో మందుగుండు ఉండదు, సిలిండర్లో నింపిన గాలి చిన్న సీసపు గుళ్ళను పది మీటర్ల దూరంలోని టార్గెట్ మీదికి తోస్తుంది. దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇవన్నీ కొన్నాళ్ళు విడమరిచి చెప్పి, తర్వాత విసుగొచ్చి మానేశాను.

అక్క పరిచయమైంది ఆ మెట్ల మీదే. నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి, "ఏ ఊరండీ మీది?" అని వినిపించింది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కాకినాడ వైపు మనిషి. భర్త కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసరు, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటారు. పదేళ్ళ నుంచీ షూటింగ్ చేస్తోంది. నెల తిరక్కుండా మీరు పోయి నువ్వు వచ్చింది, ఆదివారాలు వచ్చాయి. ప్రాక్టీసు అవగానే ఇద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. అక్క స్టీలు డబ్బా మూత తీసేది, పులిహోరో, దిబ్బరొట్టో ఉండేది. "తినవే, గాలికి కొట్టుకుపోయేలా ఉన్నావు" అనేది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఢిల్లీలో పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, నాకంటూ దొరికిన మనిషి ఆమె ఒక్కతే అనుకున్నాను. అనుకోవడం కాదు, అందరికీ చెప్పుకున్నాను కూడా.

మా కోచ్ హర్యానా వాడు, సైన్యంలో చేసి రిటైరయ్యాడు. మొదటి ఏడాది ఎవరూ సొంత పిస్టల్ కొనకూడదని ఆయన నియమం. అకాడమీ వాటితోనే నేర్చుకోవాలి. నాకు అక్కడ ఒక ముసలి పిస్టల్ దొరికింది. దాని గ్రిప్పు చిన్నది, మిగతా అంతా అరిగిపోయింది. దానితోనే, రాష్ట్ర పోటీ నుంచి పై పోటీకి వెళ్ళాలంటే ఎన్ని పాయింట్లు కావాలో ఆ గీతకు మూడు పాయింట్ల దూరం దాకా వచ్చాను. అరవై గుళ్ళ ఆటలో మూడు పాయింట్లు పెద్ద దూరం కాదు. ఆ గీత దాటాలన్న కోరిక నాలో ఎంత గట్టిగా పడిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా పేరు ఒక జాబితాలో ఉండాలి. ఎవరి భార్యగానో, ఎవరి టీములోనో కాదు, నేను కొట్టిన గుళ్ళ వల్ల. చదువయ్యాక అలాంటిది నాకు మళ్ళీ జరగలేదు.

ఏడాది గడిచాక కోచ్ ఇక కొనుక్కోమన్నాడు. కొనేముందు అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు. పేరు చూసి కొనకు, ఛాంపియన్ చేతిలో చూసి కొనకు. ముందు గ్రిప్పు చూడు, తర్వాత ట్రిగ్గర్, తర్వాత బరువు, చివరికి అది పాడైతే బాగుచేసేవాడు ఈ ఊళ్ళో ఉన్నాడో లేడో చూడు. గ్రిప్పు చూడటమంటే కంటితో చూడటం కాదు. ఖాళీ పిస్టల్ పట్టుకుని, కళ్ళు మూసుకుని, టార్గెట్ వైపు చెయ్యి ఎత్తాలి. అప్పుడు కళ్ళు తెరవాలి. పిస్టల్ ముందుండే మొన, వెనకుండే గాడికి సరిగ్గా మధ్యలో నిలబడి ఉంటే ఆ పిస్టల్ నీది. పక్కకు జరిగి ఉంటే ఇంకెవరిదో. కళ్ళు తెరిచి ఎత్తితే కన్ను చెప్పినట్టల్లా మణికట్టు వంగి సర్దుకుంటుంది, ఇరవై గుళ్ళ తర్వాత అలిసిపోయి మళ్ళీ తన దారిన పోతుంది. అందుకే కళ్ళు మూసుకోవడం.

ఫిబ్రవరిలో ఒక శనివారం అక్కా నేనూ గుర్‌గావ్‌లోని డీలర్ దగ్గరికి వెళ్ళాం. అక్కను రమ్మని బతిమాలింది నేనే. డీలర్ పెద్దాయన, మెడకు మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. బల్ల మీద బట్ట పరిచి రెండు పిస్టళ్ళు పెట్టాడు. ఒకటి కొత్తది, మీడియం గ్రిప్పు. చిన్న గ్రిప్పుతో కావాలంటే విదేశం నుంచి రావాలి, నెలలు పడుతుందన్నాడు. రెండోది వాడినది. ఎవరో అమ్మాయి పెళ్ళయి ఊరు మారుతూ అమ్మేసి పోయిందట. చిన్న గ్రిప్పు. బొటనవేలు ఆనే చోట చెక్క నల్లబడి నున్నగా ఉంది. అరచేతి కింద ఆనే పలకకు ఒక పక్క గోరు గిచ్చినట్టు అర్ధచంద్రాకారంలో చిన్న నొక్కు.

ముందు కొత్తది పట్టుకున్నాను. కళ్ళు మూసి, ఎత్తి, తెరిచాను. మొన ఎడమకు పోయి ఉంది. మూడుసార్లు ఎత్తినా అంతే. తర్వాత పాతది. కళ్ళు తెరిచేసరికి మొన గాడి నడుమ నిలబడి ఉంది. నమ్మకం కలగక మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అక్కడే. మూడోసారి నాకు నవ్వొచ్చింది. నా చేతిని చూసి ఎవరో నాకోసం చేసిపెట్టినట్టుంది.

అప్పుడు అక్క నా పక్కకు జరిగి, ముఖంలో నవ్వు చెరగనివ్వకుండా తెలుగులో మొదలుపెట్టింది.

"ఏవే, ఏం కనపడనివ్వకు. ఆ సిలిండర్ పనైపోయింది, దాని గడువు ఈ ఏడాదితో సరి. ట్రిగ్గర్ కూడా ఎవరో కెలికేరు. వీడు మనకి అంటగట్టేద్దామని చూస్తన్నాడు. నవ్వుతా పెట్టేయ్."

ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళందరికీ ఈ అలవాటు ఉంది. కూరల బండి దగ్గర, చీరల కొట్లో, ఇల్లు అద్దెకు చూసేటప్పుడు, ఎదుటివాడికి అర్థం కాదన్న ధైర్యంతో వాడి ముందే వాడి సరుకును తెలుగులో తిట్టుకుంటాం. అలా మాట్లాడుకున్నప్పుడు మనమిద్దరం ఒక జట్టు, వాడు అవతలివాడు. అందులో ఒక సుఖం ఉంది. ఆ సుఖంలో నాకు ఒక్క అనుమానం కూడా రాలేదు. డీలర్‌కు తెలుగు వచ్చి ఉంటే అక్కడికక్కడే సిలిండర్ తిప్పి తేదీ చూపించేవాడు. సిలిండర్ మీద తేదీ అచ్చుకొట్టి ఉంటుంది, చదవడానికి నేనూ దాన్ని కాస్త తిప్పితే సరిపోయేది. తిప్పలేదు.

పెద్దాయన మాత్రం పాతదాన్ని నా వైపు ఇంకొంచెం జరిపి, "మేడమ్, యే ఆప్‌కే హాథ్ కీ హై" అన్నాడు, ఇది మీ చేతి కోసమే ఉందని. ఎంత గడుసువాడో అనుకున్నాను. కొత్తదే తీసుకుని వచ్చాను. దారిలో అక్కకు కాఫీ ఇప్పించాను. నన్ను కాపాడినందుకు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు నాకు నరకం. గుళ్ళన్నీ కిందికి, ఎడమకు. మొదటి ఇరవై బాగానే పడేవి, ఆ తర్వాత చెయ్యి తన ఇష్టం వచ్చినట్టు పోయేది. గీతకు మూడు పాయింట్ల దూరంలో ఉన్నదాన్ని పదిహేను పాయింట్లు వెనక్కి జారాను. కోచ్ చూసి, గ్రిప్పు ఆకురాయితో గీయమన్నాడు. షూటర్లందరూ చేసే పనే అది. ఎక్కువున్న చోట గీస్తారు, తక్కువైన చోట చెక్క లప్పం పెట్టి అద్దుతారు, ఆరాక మళ్ళీ గీస్తారు. అక్క ఒప్పుకోలేదు.

"మొదటేడు చెక్క ముట్టుకోకు. ఒకసారి గీసేసేవంటే మళ్ళీ రాదు. తప్పు గ్రిప్పుది కాదే, నీ మణికట్టులో బలం లేదు. చేతులు చూడు, బొమ్మ చేతులు. అదే అలవాటు పడుద్దిలే."

కోచ్ హిందీలో చెప్పాడు, అక్క తెలుగులో చెప్పింది. నేను అక్క మాట విన్నాను. ఇంతకంటే నా తెలివితక్కువతనానికి వేరే కారణం లేదు. రోజూ పొద్దున నీళ్ళ సీసా పట్టుకుని గోడ వైపు చెయ్యి చాచి నిలబడేదాన్ని. ద్వారక నుంచి సాకేత్ దాకా మెట్రోలో రబ్బరు బంతి పిసుకుతూ వెళ్ళేదాన్ని. మీటింగుల్లో బల్ల కింద పిసికేదాన్ని. చపాతీ పిండి కలపడం కూడా కుడిచేత్తోనే. ఒక రోజు గాజులు వేసుకుంటూ నా మణికట్టు చూసుకుని అసహ్యించుకున్నాను. నలభై మూడేళ్ళుగా నాతో ఉన్న చెయ్యి అది, ఎప్పుడూ ఎవరికీ ఏ అపకారమూ చేయలేదు.

అక్టోబరులో రాష్ట్ర పోటీ. నగరం చివర పెద్ద రేంజి. నాది పొద్దుటి బ్యాచ్. ముప్పయ్యో గుండుకే మణికట్టు వణకడం మొదలైంది. అరవయ్యోది కొట్టి పిస్టల్ కింద పెట్టేటప్పటికి గీతకు పదకొండు పాయింట్లు తక్కువ. బయటికి వచ్చి వెనక కుర్చీల్లో కూర్చున్నాను. ఏడవలేదు. ఏడవడానికి కూడా మణికట్టుదే తప్పన్నట్టు దాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

"నమస్తే ఆంటీ."

అక్క కూతురు. పన్నెండో తరగతి పిల్ల. ఆ అమ్మాయిదీ మా అకాడమీయే, కానీ తను శనివారాలు వస్తుంది, నేను ఆదివారాలు వెళ్తాను. ఎప్పుడైనా అడిగితే, అకాడమీ పిస్టల్‌తోనే నేర్చుకుంటోందిలే అనేది అక్క. పిల్లది తర్వాతి బ్యాచ్. చేతిలో పెట్టె. నా పక్కన కూర్చుని, సామాను సరిచూసుకోవడానికి పెట్టె మూత తీసింది.

గ్రిప్పు మీద నల్లబడిన చోటు కనబడింది. పలక పక్కన అర్ధచంద్రాకారపు నొక్కు కనబడింది.

నేను అటే చూస్తుండటం గమనించి ఆ పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. దానికి తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం సగమే.

"థ్యాంక్యూ ఆంటీ. మమ్మీ చెప్పింది. ఆప్ లేనే వాలీ థీ నా? ఫిర్ మేరే లియే ఛోడ్ దీ."

నేను కొనబోయి, దానికోసం వదిలేశానట. వాళ్ళమ్మ అలా చెప్పిందట.

పెట్టెలోకి వేలు చూపించి, "సిలిండర్ మార్పించినారా?" అని అడిగాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, తీసి తిప్పి చూపించింది. అచ్చుకొట్టిన తేదీకి ఇంకా ఆరేళ్ళు ఉంది. ట్రిగ్గర్ ఎలా ఉందని అడిగితే, "మక్ఖన్ హై ఆంటీ" అంది. వెన్నలా ఉందట.

అంతలో అక్క నీళ్ళ సీసాతో వచ్చింది. మా ఇద్దరినీ, తెరిచి ఉన్న పెట్టెనూ చూసి ఆగిపోయింది. ఆమె ముఖంలో రంగు మారడం నా కళ్ళారా చూశాను. ఆ క్షణంలో నోరు తెరిచి అడిగెయ్యొచ్చు. కానీ ఆ పిల్లను అరవై గుళ్ళ కోసం పిలుస్తున్నారు. అది నా వంక ఆశీర్వాదం కోసం చూస్తోంది. తల మీద చెయ్యి పెట్టి, "పో, బాగా కొట్టు" అన్నాను. బాగా కొట్టింది. గీత దాటి ఆరు పాయింట్లు. చప్పట్లు కొట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను, అది కూడా రాసుకోవాలి.

మరుసటి ఆదివారం మెట్ల మీద అక్కను అడిగాను.

"ఎందుకట్ల చేస్తివక్కా?"

అక్క డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉంది, మూత తియ్యలేదు. "దాని చెయ్యీ నీ చెయ్యిలాంటిదే. కొత్తది వచ్చేసరికి ప్రాక్టీసుకి టైముండదు. స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు రావాలంటే ఈ ఏడు సర్టిఫికెట్ ఉండాలి. వచ్చే ఏడైతే పనికిరాదు. నీకిది ఆదివారం సరదా. దానికి జీవితం కదే."

"నన్ను అడిగింటే ఇచ్చేదాన్ని కదా."

"ఇస్తావు. తెలుసు. ఇచ్చేసి ప్రతీ ఆదివారం నా ఎదురుగా కూచుంటావు. ఇచ్చేవని నేను అస్తమానూ తలుచుకుంటా ఉండాలి. నావల్ల కాదే అది."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు అర్థమైంది. పిల్ల కోసం తల్లి ఒక పిస్టల్ కొట్టేయడం కూడా అర్థమైంది. నన్ను కోసింది అది కాదు.

"సరే, పిస్టల్ పోనీ. మరి ఎనిమిది నెలలు నా మణికట్టుని ఎందుకు అన్నావు? సారు గీసుకోమంటే నువ్వెందుకు వద్దంటివి? నేను గ్రిప్పు గురించి ఆలోచిస్తే పాతది గుర్తొస్తుందనేనా?"

అక్క నా కళ్ళలోకి చూసింది. "అది మాత్రం అబద్ధం కాదు. నీ మణికట్టులో నిజంగానే బలం లేదు. అది నేను మంచికే చెప్పేను."

ఆ ఒక్క మాటను నేను కొట్టిపారెయ్యలేను. ఎందుకంటే నాకు తెలియదు. ఎనిమిది నెలలు విన్నాక, అది అబద్ధమో నిజమో నా చెయ్యి గురించి నాకే తెలియదు. ద్రోహం చేసిన మనిషినే మళ్ళీ అడిగి తెలుసుకోవలసిన స్థితిలో కూర్చుని ఉన్నాను.

కిందికి వెళ్ళాను. పరీక్షలు దగ్గరపడి శనివారం కూడా క్లాసులు పెట్టారని ఆ వారం అక్క కూతురు కూడా ఆదివారమే వచ్చింది. ఒకసారి ఇస్తావా అని అడిగితే, పిల్ల సంతోషంగా పక్కకు జరిగి తన చోటు ఇచ్చింది. ఖాళీగా ఉందో లేదో కోచ్ చూసి తల ఊపాడు. అక్క నా వెనకే దిగి వచ్చి, గోడ దగ్గర నిలబడింది.

పట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. చెయ్యి ఎత్తాను. కళ్ళు తెరవడానికి భయమేసింది. తెరిస్తే మొన ఎడమకు పోయి ఉండొచ్చు. అప్పుడు అక్క చెప్పిందే నిజమవుతుంది, నాకు కోపం తెచ్చుకునే హక్కు కూడా సగం పోతుంది.

తెరిచాను. మొన గాడి నడుమ నిలబడి ఉంది.

చెయ్యి దించి, మళ్ళీ కళ్ళు మూసి, మళ్ళీ ఎత్తాను. అక్కడే ఉంది. దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను. వణకలేదు. వెనక నుంచి కోచ్, "హాథ్ తో బిల్కుల్ ఠీక్ హై ఆప్‌కా" అన్నాడు, మీ చెయ్యి బాగానే ఉంది, ఇందులో వింతేముందన్నట్టు.

పిస్టల్ కింద పెట్టి అక్క వైపు తిరిగాను. చెప్పవలసిన మాటలు నాలుక చివర ఉన్నాయి. డీలర్ కొట్లో నన్ను మోసం చేసిన తెలుగులోనే, కోచ్‌కు గానీ పక్క వరసలో వాళ్ళకు గానీ అర్థం కాకుండా, ఆమె ముఖం మీదే అనేద్దామనుకున్నాను. కానీ మా మధ్య ఆ పిల్ల నిలబడి ఉంది. దానికి తెలుగు అర్థమవుతుంది. నేను తన కోసం పిస్టల్ వదులుకున్నానని నమ్ముతున్న కళ్ళతో నన్నే చూస్తోంది. మెట్ల మీద ఇందాక కొంతైనా అనేశాను. ఇక్కడ, ఈ పిల్ల ముందు, అక్కను అనడానికి నాకు ఏ భాషా మిగల్లేదు. అక్కకు కూడా ఆ సంగతి తెలుసు. అందుకే తల దించుకోకుండా నిలబడగలిగింది.

"బాగుంది తల్లీ. నా చెమట అంటింది, తుడిచి పెట్టుకో" అన్నాను పిల్లతో.

తర్వాత కోచ్ దగ్గర ఆకురాయి అడిగి తీసుకున్నాను. మూల బెంచీ మీద పాత పేపరు పరుచుకుని, నా పిస్టల్ నుంచి గ్రిప్పు ఊడదీసి, ఎనిమిది నెలలుగా ముట్టుకోవద్దన్న చెక్కను గీయడం మొదలుపెట్టాను. కాసేపటికి అక్క వచ్చి పక్కన నిలబడింది. ఒళ్ళో పెట్టుకున్న డబ్బా ఇప్పుడు చేతిలో ఉంది.

"పులిహోర తెచ్చేనే. తిందువుగాని రా."

"మీరు తినండి" అని, గీస్తూనే ఉన్నాను.